చుక్క పక్కన మొదటి గడి

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురున్నారు. కటింగ్ బల్ల దగ్గర తాత. కుట్టు మిషను మీద నాన్న. గుమ్మం పక్కన వెలుతురు పడే చోట చొక్కా గుండీలకు కాజాలు కుడుతూ అమ్మ. లోపలి గదిలో, తలుపు ఓరగా వేసుకుని, అత్త. వీళ్లెవరికీ అడ్డం రాకూడదని గుడ్డల తానుల వెనక ఒదిగి కూర్చున్న చిన్నపిల్ల పిచ్చుక ఐదోది.

ఐదుగురున్నా ఇంట్లో మనుషులున్న అలికిడి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన అత్త చెప్పులు విడిచి తిన్నగా లోపలికి వెళ్లిపోయింది. శనివారం బడికి వెళ్లలేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, వానకు వీధి మోకాలి లోతు నీళ్లయినా, పదకొండేళ్లలో ఒక్క రోజు బడి మానని మనిషి. భోజనానికి రమ్మంటే ఆకలి లేదంటోంది. తలుపు దగ్గర పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొస్తోంది. ఊహ తెలిసినప్పటి నుంచి పిచ్చుక ఆ గదిలోనే, అత్త పక్కనే పడుకుంటుంది. ఈ రెండు రాత్రులూ అత్త గోడవైపు తిరిగి పడుకుంది. గోడ మీద ఏముందో పిచ్చుకకు తెలియదు కానీ, ఇటువైపు తానున్నానని మాత్రం తెలుసు.

పిచ్చుకకు పదేళ్లు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. మనిషి చిన్నది, గొంతు ఇంకా చిన్నది. ఏదైనా అడిగితే జవాబు నాలుక చివరిదాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోతుంది. అలాంటి నోటి నుంచి శుక్రవారం బయటపడ్డ ఒక్క మాట ఇంటిని ఇలా చేసింది.

ఆ రోజు తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఐదో తరగతి బోర్డు మీద రెండు అంకెలు వేశాడు. 0.5 ఒకటి. 0.35 ఒకటి. ఏది పెద్దదని అడిగాడు. ముప్పై తొమ్మిది మంది ఒక్క గొంతుతో రెండోదే పెద్దదన్నారు. ఐదు కంటే ముప్పై ఐదు పెద్దది కాక ఏమవుతుంది? వాళ్ల టీచరు అలాగే చెప్పింది. ఆ టీచరే అత్త.

ఆఫీసరు కళ్లు చివరి వరుసలో కదలని పెదవుల మీద పడ్డాయి. నువ్వు చెప్పమ్మా అన్నాడు. పిచ్చుకకు మాట్లాడే అలవాటే తక్కువ, అబద్ధం ఆడే అలవాటు ఇంకా తక్కువ. సున్నా పాయింట్ ఐదు పెద్దది సార్, అంది.

తప్పు, కూర్చో, అంది అత్త.

అత్తను ముంచింది ఆ మాటే. ఆఫీసరు నవ్వుతూ సుద్దముక్క అత్త చేతికిచ్చి, ఎందుకు తప్పో రాసి చూపించమన్నాడు. ఆమె రాసింది. అతను నవ్వడం మానేశాడు. తర్వాత బల్ల మీదున్న ఆమె లెక్కల పుస్తకం తీసి తిరగేశాడు. దశాంశాల పాఠం చివర అచ్చులో ఉన్న జవాబుల్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘అచ్చుతప్పు’ అని గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. ఏడు చోట్ల.

* * *

నాన్న మిషను ఆపాడు. పెడల్ మీద కాలు అలాగే ఉంచి, తాత రాస్తున్న చీటీ కేసి చూశాడు.

"నాన్నా, ఆ పరదా గుడ్డ పొడవెంత?"

"రెండు పాయింట్ ఐదు."

"అంటే?"

"అంటే ఏవిట్రా కొత్తగా? రెండు మీటర్ల ఐదు సెంటీమీటర్లు."

"మరి రెండున్నర మీటర్లయితే ఎలా రాస్తావు?"

"రెండు పాయింట్ యాభై," అన్నాడు తాత. ఇంత వయసొచ్చిన కొడుక్కి ఇంకా ఇది చెప్పాల్సి వస్తోందే అన్నట్టు ఉంది ఆ గొంతు.

ఇంటి ముందు భాగమే అయిన ఆ కుట్టు షెడ్డులో లెక్క అదీ. చుక్కకు ఎడమ పక్క మీటర్లు, కుడి పక్క సెంటీమీటర్లు. చుక్క అంటే రెండిళ్ల మధ్య గోడ లాంటిది, ఇవతలి వాళ్లు వేరు, అవతలి వాళ్లు వేరు. ఐదు సెంటీమీటర్లయితే ఉత్త ఐదే, ముందు సున్నా ఉండదు. తాత కొలతలు గుడ్డ మీదే సుద్దతో రాస్తాడు. గుడ్డ మీద పడ్డ ప్రతి గీతనూ తర్వాత ఎవరో ఒకరు దులపాలి. అక్కర్లేని సున్నా గీసి, దాన్ని మళ్లీ దులుపుతూ కూర్చోవడం ఎందుకని కుర్రతనంలోనే దాన్ని మానేశాడు. ఆయన చేతికింద పనిచేసిన వాళ్లందరికీ అదే అలవాటైంది. అత్త అంకెలు నేర్చుకున్నది ఆ బల్ల కిందే, తాత పారేసిన సుద్దముక్కలతోనే.

బడిలో ఆమె చేరింది భాష చెప్పడానికి. మూడేళ్ల కిందట లెక్కల మాస్టారు బదిలీ అయ్యాక, కొత్తవాళ్లు వచ్చేదాకా నువ్వే చూసుకోమ్మా అని ఐదో తరగతి లెక్కలు ఆమె నెత్తిన పెట్టారు. కొత్తవాళ్లు రాలేదు. దశాంశాల పాఠం వచ్చినప్పుడు ఆమె భయపడలేదు. చుక్కల లెక్క తన పుట్టింటి విద్య కదా అనుకుంది. పుస్తకం వేరేగా చెబితే పుస్తకాన్నే దిద్దింది.

"ఆ చీటీ మన షెడ్డు దాటనంత కాలం బానే ఉంటుంది నాన్నా," అన్నాడు నాన్న. "ఆఫీసు పరదాల సంగతి మర్చిపోయావా? పని ఎక్కువై పక్కవీధి టైలరుకి పంపాం. నువ్వు రెండు పాయింట్ ఐదని రాశావు. వాడు రెండున్నర కోశాడు. పరదాలు నేల మీద పొర్లాడాయి."

"వాడు తాగి కోశాడు."

"వాడు తాగడు. బడిలో చదువుకున్నాడంతే."

తాత కత్తెర బల్ల మీద పెట్టాడు. గట్టిగా పెట్టలేదు. ఆయనకు కోపం వస్తే వస్తువులు ఇంకా మెల్లగా పెడతాడు. నలభై ఏళ్లుగా తాను కోసిన ప్యాంట్లు ఎవడికైనా మోకాలి దగ్గర ఆగిపోయాయా అని అడిగాడు. ఏ మనిషి చొక్కాకైనా ఒక చెయ్యి తక్కువైందా అని అడిగాడు.

అమ్మ దారం పళ్లతో తెంపి, తల ఎత్తకుండానే అంది. "మీ ప్యాంట్లకేం కాలేదు మావయ్యగారూ. వదిన పదకొండేళ్లకి అయింది."

ఆ పదకొండేళ్లూ అత్త తాత్కాలిక టీచరు. ఏటా వేసవి రాగానే ఉద్యోగం పోయేది, బడి తెరిచాక మళ్లీ వచ్చేది. పర్మినెంటు చేస్తూ ఉత్తర్వు ఈ నెలలో రావాలి. ఆ ఆఫీసరు సంతకం ఒక్కటే మిగిలింది.

తానుల వెనక పిచ్చుక మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది. ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఇచ్చేయడానికి తన దగ్గర ఏమేం ఉన్నాయో లెక్కవేసుకుంది. ఒక రంగు పెన్సిళ్ల డబ్బా, ఒక అద్దం ముక్క. సరిపోవు.

* * *

పదకొండు గంటలకు పెద్ద టీచరమ్మ వచ్చింది. బడికి ఆవిడే పెద్ద. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్లు వద్దంది. కూర్చున్న తీరులోనే లేచి వెళ్లిపోవాలన్న తొందర ఉంది.

ఆఫీసరు ఇంకా తన నివేదిక రాయలేదట. ఆవిడ బతిమాలితే ఒక అవకాశం ఇచ్చాడట. రేపు రెండో పీరియడ్‌లో అదే తరగతికి, అదే పాఠం చెప్పాలి. అతను వెనక బెంచీ మీద కూర్చుని వింటాడు. సరిగ్గా చెబితే శుక్రవారం జరిగింది కంగారులో జరిగిన పొరపాటని రాసి సంతకం పెడతాడు. చెప్పలేకపోతే కాగితాలు వెనక్కి పోతాయి. వచ్చే నెలకు ఆ కుర్చీలో వేరే మనిషి.

ఆవిడ ఇదంతా నాన్నతో చెబుతున్నట్టే చెప్పింది కానీ, గొంతు లోపలి గదికి వినబడేంత పెంచింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది. అత్త గుమ్మంలో నిలబడింది. రెండు రోజులకే బుగ్గలు లోపలికి పోయాయి. జుట్టు మాత్రం బడికి వెళ్లే రోజుల్లోలాగే నున్నగా దువ్వుకుని ఉంది.

"నేను తప్పని ఇంకా ఒప్పుకోలేదండీ," అంది.

పెద్ద టీచరమ్మ ఆమెను జాలిగా చూసింది. పిచ్చుక ఆ జాలి చూడలేక తానుల వెనక్కి జరిగింది. కోప్పడినా బావుండేది.

"ఒప్పుకోమని నేను అడగడం లేదమ్మా. రేపు చెప్పమంటున్నాను. నేర్పేవాళ్లు దూరంగా కూడా లేరు." ఆవిడ కళ్లు తానుల వైపు తిరిగాయి. "ఇంట్లోనే ఉన్నారు."

ఆవిడ లేచి, గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, పుస్తకంలో ఆ ఎర్ర సిరా లేకపోయి ఉంటే ఏదో ఒకలా సర్దేదాన్నని చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట చెప్పకపోయినా ఏం పోయేది కాదు.

అత్త గుమ్మం దిగి వచ్చింది. తానుల ముందు నిలబడింది.

"ఇలా రా."

పిచ్చుక వచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"నెలైంది."

నెల. అత్త ఆ మాట పెదవులతోనే అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. ఆమె తరగతిలో ఎప్పుడూ అరవదు. గొంతు తగ్గిస్తుంది. పిల్లలు హడలేది దానికే.

"నెల రోజులు నా పక్కనే పడుకున్నావు. నా చేత జడ వేయించుకున్నావు. నేను తప్పు రాయిస్తుంటే నోట్సులో తప్పే రాసుకుని, పదికి పది మార్కులు వేయించుకున్నావు. ఇంట్లో నాతో ఒక్క మాట అనడానికి నోరు రాలేదా? ఆఫీసరు కోసం దాచిపెట్టావా?"

పిచ్చుక కళ్లు నేల మీద పడి ఉన్న గుడ్డ పీలికల మీదున్నాయి. చెప్పడానికి జవాబుంది. ఆ జవాబు బల్ల అవతల కత్తెర పట్టుకుని నిలబడి ఉంది.

తాత దగ్గాడు. ఇంటి గుట్టు వీధిలో పెట్టే రకం అయిపోయింది పిల్ల, ఎక్కువ గారాబం చేస్తే ఇంతే, అన్నాడు.

అమ్మ చొక్కా ఒళ్లో పడేసింది. సూది కాజాలో దిగబడే ఉంది. పెళ్లయి వచ్చిన పన్నెండేళ్లలో, ఈ రోజు దాకా, మామగారి మాటకు ఆమె ఎదురు చెప్పింది లేదు.

"చెప్పింది వదినా. మీకు కాదు, మావయ్యగారికి. మొన్న మొన్న కాదు, పుస్తకం చదివి తెలుసుకున్న రోజే చెప్పింది. కాగితం ముక్కలు కత్తిరించి తెచ్చి, ఈ బల్ల మీదే పరిచి చూపించింది."

తాత కత్తెర కేసి చూసుకున్నాడు.

అది నిజమే. ఉత్తర్వు రాబోతోంది, ఇప్పుడు మీ అత్త మనసు కలవరపెట్టకు, నోరు మూసుకుని టీచరు చెప్పింది రాయి, అన్నాడాయన. ముక్కలన్నీ పోగుచేసి పీలికల సంచిలో వేశాడు. ఆ సాయంత్రం నాన్నతో అన్నాడు. నాన్న అమ్మతో అన్నాడు. ముగ్గురూ అది ఎవరో పొరుగువాళ్ల సంగతి అయినట్టు ఊరుకున్నారు.

"అంటే అందరికీ తెలుసు," అంది అత్త. "ఈ ఇంట్లో నాకు తప్ప."

"తెలుసంటే..." నాన్న మిషను చక్రం మీద చెయ్యి వేశాడు, దాన్ని కొంచెం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "నిజంగా ఎవరిది రైటో మాకేం తెలుసక్కా? నువ్వు టీచర్‌వి. పదేళ్ల పిల్ల మాట పట్టుకుని నిన్నెలా నిలదీస్తాం?"

"నిలదీయమనలేదురా. చెప్పమన్నాను."

అత్త తాతవైపు తిరిగింది. ఆయన బల్ల మీద సుద్దపొడిని అరచేత్తో ఒక పక్కకు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"నీకు చెప్పడమంటే," అన్నాడు చివరికి, "నేను నీకు నేర్పింది తప్పని చెప్పడమే కదమ్మా."

కూతురు తండ్రిని చాలాసేపు చూసింది. తిడుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. తిట్టి ఉంటే ఇల్లు కాస్త తేలికపడేది. ఆమె వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. బల్ల మీద కంచాలు పెట్టారు, తీశారు. ఆ పూట ఎవరు తిన్నారో, ఎంత తిన్నారో ఎవరూ చూడలేదు.

* * *

మూడు గంటలప్పుడు లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"పిచ్చుకా, కటింగ్ కాగితం పట్టుకుని రా. టేపు కూడా."

అమ్మ పిల్ల భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. నాన్న, అత్త అరిచి అడిగినా గట్టిగా జవాబు చెప్పకు, నెమ్మదిగా చెప్పు అన్నాడు. ఎప్పుడూ నెమ్మదిగానే చెప్పే పిల్లకు అది చెప్పాల్సిన జాగ్రత్త కాదు.

అత్త మంచం మీద దుప్పటి తీసేసి, పరుపు మీద చోటు చేసి ఉంచింది. ఒడిలో లెక్కల పుస్తకం. తరగతిలో ముందు వరుస పిల్లలు కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఆఫీసరుకి కాదు, నాకు చెప్పు," అంది.

పిచ్చుక మీటరు పొడవు కాగితం పట్టీ కొలిచి కత్తిరించింది. ఇది ఒకటి అత్తా, అంది. దాన్ని పది సమానమైన ముక్కలు చేసింది. ఒక్కో ముక్క పదోవంతు. ఐదు ముక్కలు తీసి మంచం మీద వరసగా, కొస కొస ఆనిస్తూ పేర్చింది. ఇది సున్నా పాయింట్ ఐదు.

అత్త తల ఊపలేదు.

తర్వాత ఇంకో పట్టీ తీసుకుని అలాగే పది ముక్కలు చేసి, మూడు పక్కన పెట్టింది. నాలుగో ముక్కను మళ్లీ పది తుంపులు చేసింది. చిన్న చిన్న తుంపులు, ఊపిరి వదిలితే ఎగిరేవి. వాటిలో ఐదు తీసి మూడు ముక్కల చివర పేర్చింది. ఇది సున్నా పాయింట్ మూడు ఐదు.

రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది పొడుగు. కింది వరస దానికి జానెడు ఇవతలే ఆగిపోయింది.

"మూడు ఐదంటే ముప్పై ఐదు కదా. ఎనిమిది ముక్కలే ఉన్నాయేం?"

"పెద్ద ముక్క ఒక్కోటీ పది తుంపులు అత్తా. మూడూ తుంపితే ముప్పై. ఈ ఐదూ కలిపితే ముప్పై ఐదు."

"మరి. ఇక్కడ ముప్పై ఐదు. అక్కడ ఐదే."

"అక్కడివి పెద్ద ముక్కలు."

పిచ్చుక గొంతు సవరించుకుంది. ఇంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఎన్ని ముక్కలనేది అంకె చెబుతుంది అత్తా. ఏ సైజు ముక్కలనేది గడి చెబుతుంది. చుక్క పక్కన మొదటి గడిలో కూర్చుంటే పదోవంతు ముక్కలు. రెండో గడిలో కూర్చుంటే నూరోవంతు ముక్కలు. మూడో గడిలో ఇంకా చిన్నవి. చుక్క గోడ కాదు. ఆ పక్కన వందలు, పదులు, ఒకట్లు ఎలా తగ్గుతూ వస్తాయో, చుక్క దాటినా అలాగే తగ్గుతూ వెళ్తాయి."

"మరి తాత రాసే ఐదు?"

"అది రెండో గడిలో కూర్చోవాల్సిన ఐదు. మొదటి గడి ఖాళీ అని చెప్పడానికి అక్కడ సున్నా పెట్టాలి. తాత పెట్టడు. మన షెడ్డులో అందరికీ తెలుసు కాబట్టి సరిపోతోంది."

కిటికీలోంచి గాలి వస్తే తుంపులు కదిలాయి. పిచ్చుక రెండు చేతులూ అడ్డం పెట్టింది. అత్త లేచి కిటికీ మూసి వచ్చి, మళ్లీ అక్కడే కూర్చుంది. పై వరస మీద వేలు పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపింది. కింది వరస మీద జరిపింది. అది ముగిసిన చోట వేలు ఆపి, తర్వాతి ఖాళీలో కూడా కాస్త దూరం జరిపింది.

"రెండు పాయింట్ సున్నా ఐదు," అంది.

పిచ్చుక తల ఊపింది.

అత్త పెన్ను తీసుకుంది. పుస్తకం అట్ట లోపలి వైపు తనే అంకెలు వేసుకుంది. 0.4, 0.125. కాసేపు చూసి మొదటిదాని చుట్టూ గీత గీసింది. 0.09, 0.1. ఈసారి రెండోదాని చుట్టూ గీసింది. 0.7, 0.70. ఇక్కడ చాలాసేపు ఆగింది. తర్వాత రెండిటినీ కలిపి ఒకే గీత గీసింది.

మూడూ సరే. శుక్రవారం నుంచి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టున్న బరువు లేచి వెళ్లిపోయినట్టైంది. రేపు రెండో పీరియడ్, ఆఫీసరు సంతకం, సాయంత్రం తలుపులన్నీ తెరిచి ఉన్న ఇల్లు, వీపు మీద అత్త చేతుల్లో అల్లుకుంటున్న జడ, అన్నీ ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి.

"ఇంత తొందరగా మా క్లాసులో ఎవరికీ రాదత్తా," అంది. "నాకే మూడు రోజులు పట్టింది. రేపు నువ్వు చాలా బాగా చెప్తావు."

అత్త విన్నట్టు లేదు. పుస్తకంలో జవాబుల పేజీ తీసింది. తను కొట్టేసిన ఒక్కో జవాబు దగ్గరా ఆగింది, ఎర్ర గీత కింద అచ్చులో ఉన్న అంకెను చదివింది, తర్వాతి దానికి వెళ్లింది. ఏడోదాని దగ్గర పుస్తకం మూసేసింది.

"నిరుడు ఉంగరాల జుట్టు పిల్ల ఒకతి ఉండేది," అంది. "గుర్తుందా నీకు? ఇస్త్రీ ఆవిడ కూతురు."

పిచ్చుకకు గుర్తుంది. అప్పుడు తను నాలుగో తరగతి. నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడల్లా ఆ అక్క వరండాలో నిలబడి పలక మీద ఏదో రాస్తూ కనబడేది.

"అది కూడా కాగితం ముక్కలు తెచ్చింది," అంది అత్త. "ఇలాగే, పది చేసి. టీచర్, ఇలా చూడండి టీచర్ అంది. నేను చూడలేదు. పుస్తకాలు చింపుతున్నావా అని, దానిచేతే చెత్తబుట్టలో వేయించాను. తర్వాత ముప్పై ఐదే పెద్దదని వంద సార్లు రాయించాను. తొంభై దాకా రాసి, మళ్లీ లేచి, కాదు టీచర్ అంది. మొదట్నుంచీ మళ్లీ రాయమన్నాను."

పిచ్చుక చేతులు ఇంకా తుంపుల మీదే ఉన్నాయి.

"ఇప్పుడెక్కడ చదువుతోంది?"

చదువుతోందని చెప్పాలనుకుంది పిచ్చుక. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. శుక్రవారం లాగే ఈసారీ నిజమే బయటపడింది.

"వాళ్లమ్మ దగ్గరే ఉంటోంది. బట్టలు మడత పెడుతుంది. లెక్కలు రావని మాన్పించేశారు."

"లెక్కలు రావని," అంది అత్త. "వాళ్లమ్మకు ఎవరు చెప్పారు, లెక్కలు రావని?"

పిచ్చుకకు తెలియదు. అత్తకు తెలుసు.

"నేనే. బడికి పిలిపించి మరీ చెప్పాను. పని మానుకుని వచ్చింది ఆవిడ. చేతులు తుడుచుకుంటూ నిలబడి, మీకు తెలుస్తుంది కదమ్మా, మీరెలా అంటే అలా అంది."

బయట మిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. తలుపు అవతల ముగ్గురూ చెవులు రిక్కించి ఉన్నారని ఇద్దరికీ తెలుస్తోంది. ఈ గదిలో ఏం జరుగుతోందో వాళ్లకు తెలియాలి. రేపటి సంగతి తెలియాలి.

పిచ్చుకకు ఓదార్చడం రాదు. వచ్చినంతలో ప్రయత్నించింది. ఆ అక్కకు మనం వెళ్లి చెబుదాం అత్తా, అంది. ఆ అక్క చెప్పిందే రైటని చెబితే మళ్లీ బడికి వస్తుంది. ముందు రేపు పాఠం చెప్పేసెయ్. ఉత్తర్వు వచ్చేస్తుంది కదా.

"వస్తుంది," అంది అత్త. "రేపు నేను సరిగ్గా చెబుతాను. ముప్పై తొమ్మిది మందీ నా వెనక సరిగ్గా పలుకుతారు. మొన్న తప్పు పలికినంత గట్టిగానే పలుకుతారు. అతను సంతకం పెడతాడు. లెక్కలొచ్చిన టీచరునని."

"వెళ్తావు కదత్తా రేపు?"

అత్త మంచం మీద ముక్కలన్నీ ఒక్కటొక్కటే ఏరింది. తుంపుల్ని కూడా వేలికొనతో అద్ది తీసింది. అన్నీ పిచ్చుక దోసిట్లో పోసింది. తర్వాత వంగి, గోడకు ఇవతలి పక్కనున్న చిన్న తలగడ తీసి పిల్ల చంకలో పెట్టింది.

"ఇవాళ్టి నుంచి అమ్మ దగ్గర పడుకో."

"నేనేం చేశానత్తా?"

"ఏం చేయలేదు. సరిగ్గా చెప్పావు. నా కంటే బాగా చెప్పావు." భుజం పట్టుకుని మెల్లగా గుమ్మం వైపు నడిపించింది. ఆ చేతిలో కోపం లేదు. కోపమే ఉంటే పిచ్చుక ఆ చెయ్యి పట్టుకుని వేలాడి బతిమాలేది. "నిన్ను చూస్తుంటే నాకు ఆ పిల్లే కనబడుతోంది. కొన్నాళ్లు కనబడకు."

పిచ్చుక గుమ్మం దాటి వెనక్కి తిరిగింది. వెనక బల్ల దగ్గరి నుంచి నాన్న గుసగుసగా అడిగాడు, అత్తకు అర్థమైందా అని. అత్త ముఖం చూస్తూనే పిచ్చుక తల ఊపింది. హమ్మయ్య, అంది అమ్మ. ఇంక భయం లేదు, అన్నాడు తాత.

ఆ మాట విన్న అత్త తలుపు వేసేసింది.